వేలి కొసన ఎర్ర దీపం

కొవిడ్ విజృంభించిన 2021 వేసవిలో మన కుశలప్రశ్న మారిపోయింది. చుట్టాలు ఫోన్ చేస్తే ముందు అడిగే మాట "సాచురేషన్ ఎంతుంది?". తొంభై ఏడంటే హమ్మయ్య అనుకునేవాళ్లం. తొంభై ఒకటంటే బెడ్ కోసం పరుగు మొదలయ్యేది. అప్పట్లో వేలికి తగిలించుకున్న ఆ పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఏ సొరుగులోనో మూలుగుతోంది. ఓసారి బయటికి తీసి, చీకట్లో వేలు పెట్టి చూడండి. గోటి మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దాని పక్కనే కంటికి కనిపించని పరారుణ దీపం ఇంకొకటి ఉంది. కథంతా ఆ రెండు దీపాలదే.

ముందు అది లెక్కపెట్టేదేమిటో చూద్దాం. పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోని కోట్లాది వాయుగోణుల్లోకి చేరుతుంది. వాటన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు. వాటిని అల్లుకుని సన్నటి రక్తనాళాలుంటాయి. గాలికీ రక్తానికీ నడుమ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఎర్ర రక్తకణం ఆ గోడ వెంబడి సాగేది ముప్పావు సెకను. ఆక్సిజన్ ఎక్కడానికి అందులో మూడో వంతు చాలు.

ఎక్కేది హిమోగ్లోబిన్ మీదికి. దాన్ని నాలుగు సీట్ల ఆటో అనుకోండి. ఒక్కో కణంలో అలాంటివి సుమారు 27 కోట్లు. మొదటి ఆక్సిజన్ ఎక్కి కూర్చోగానే ఆటో ఆకారమే కాస్త మారి, తర్వాతి వాటికి ఎక్కడం తేలికవుతుంది. పనిచేసే కండరం దగ్గర కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం ఎక్కువ. అక్కడ పట్టు సడలి ఆక్సిజన్ దిగిపోతుంది. తిరుగు ప్రయాణంలో కార్బన్ డయాక్సైడ్‌లో కొంతే ఆటో పట్టుకుని వేలాడుతుంది. దాదాపు 70 శాతం బైకార్బొనేట్‌గా మారి, రక్తంలో కరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. ధమని రక్తంలో నూటికి ఎన్ని సీట్లు నిండాయో చెప్పే అంకే సాచురేషన్.

సీట్లు నిండిన రక్తం నిగనిగలాడే ఎరుపు, ఖాళీ అయితే ముదురు రంగు. ఈ రంగు మార్పు ఆక్సిజన్ వల్లేనని 1864లో ఇంగ్లండ్‌లో జార్జ్ స్టోక్స్ చూపించాడు. తర్వాత చాలాకాలం మత్తు డాక్టర్లకు ఆధారం తమ కళ్లే. పెదాలు, గోళ్లు నీలం తిరుగుతున్నాయా అని చూసేవారు. అయితే సాచురేషన్ ఎనభైల్లోకి జారేదాకా ఆ నీలం చాలామంది కంటికి ఆనదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఎత్తుల్లో ఎగిరే పైలట్ల కోసం అమెరికాలో గ్లెన్ మిల్లికాన్ చెవికి తగిలించే పరికరం చేశాడు. ఆక్సీమీటర్ అన్న పేరూ ఆయన పెట్టిందే. చిక్కల్లా ఒకటే. చెవిలోంచి వెళ్లే వెలుతురును చర్మం, కండ, సిరల రక్తం కూడా మింగేస్తాయి. అందులో ధమని రక్తం వాటా ఎంతో విడదీసేదెలా?

జవాబు ఆ పనిమీద లేని మనిషికి దొరికింది. 1970ల తొలినాళ్లలో జపాన్‌లోని నిహాన్ కోడెన్ కంపెనీలో తకువో అఒయాగి అనే ఇంజినీరు, గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతుందో కొలవాలని చూస్తున్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి, అది పలచబడే తీరును చెవి దగ్గర వెలుతురుతో పట్టుకోవాలి. కానీ నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఎగిరెగిరి పడుతోంది. ఆ రొదను కొట్టేయడానికి రెండో రంగు వెలుతురు వాడాడు. రొద పోయింది. అయితే సాచురేషన్ మారినప్పుడల్లా మళ్లీ తలెత్తేది. ఇంకొకరైతే విసుక్కునేవారేమో. ఆయనకు అందులోనే గుట్టు కనబడింది. నాడితో పాటు ఎగిరిపడేది ధమని రక్తం ఒక్కటే. చర్మం, కండ, సిరల రక్తం ఉన్నచోటే ఉంటాయి. రెండు వెలుతురుల్లో ఆ ఎగిరిపాటు ఎంతెంతో పోల్చి చూస్తే సాచురేషన్ చేతికొస్తుంది. పారేయబోయిన రొదే అసలు సమాచారమైంది.

1974లో ఆయన ఈ పద్ధతిని ప్రకటించాడు. మరుసటి ఏడు చెవికి పెట్టే యంత్రం వచ్చింది. 1980ల్లో ఎల్ఈడీలతో చేసిన చిన్న పరికరాలు వేలి కొసకు చేరి, ఆపరేషన్ థియేటర్లను ఆక్రమించాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన శస్త్రచికిత్స చెక్‌లిస్టులో దీనికి చోటిచ్చింది. అఒయాగి 2020 ఏప్రిల్ 18న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా ఆయన యంత్రం కోసం ఎగబడుతోంది.

అంకెను చదవడంలో ఒక కిటుకు ఉంది. తొంభై దాకా దిగడం మెట్లు దిగినట్టు. ఆ కిందంతా జారుడుబండ. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి కాస్త తగ్గినా సాచురేషన్ ధడాలున పడిపోతుంది.

ఈ యంత్రం చూడలేనివీ ఉన్నాయి. రక్తహీనతలో ఆటోలే తక్కువ. ఉన్న కొద్దివీ నిండితే చాలు, తెర మీద 98 వెలుగుతుంది. కుంపటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ సీటెక్కి కూర్చున్నా, యంత్రం అదీ ఆక్సిజనే అనుకుంటుంది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా తడబడుతుంది. నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. అమెరికాలో 2020లో వెలువడిన పరిశోధనలో, తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో ఈ యంత్రం పట్టుకోలేని ఆక్సిజన్ లోటు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది.

కాబట్టి సొరుగులోని ఆ క్లిప్పుకు కొత్త బ్యాటరీలు వేసి ఉంచండి. కానీ మనిషి ఎగశ్వాస పెడుతుంటే, తెర మీద 97 ఉన్నా సరే, అంకెను నమ్మి కూర్చోకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి.