గ్రంథాలయోద్యమం - జిల్లా గ్రంథాలయ సంస్థలు

పూర్వం రాజాస్థానాలలో తాళపత్ర గ్రంథాలను భద్రపరచిన చోటును సరస్వతీ భాండారం అనేవారు. పేరు రమ్యమే, కాని దాని తలుపులు పండితులకే తెరుచుకొనేవి. సామాన్యునికీ పుస్తకం అందాలన్న ఆశయం తెలుగునాట ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఉద్యమరూపం దాల్చింది.

1901లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి కృషితో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అది తెలుగు చదువరులకు గొప్ప ఆశ్రయమైంది. కోస్తా ప్రాంతంలో అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాల స్థాపనకు ప్రేరణ కలిగించాడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించాడు. దృష్టిలోపంతో బాధపడిన ఆ మహాకవి ఇతరుల చదువు కోసం జరిగిన సభకు అధ్యక్షుడు కావడం విశేషం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే రూపుదిద్దుకొంది.

1918లో వేటపాలెం యువకులు నెలకొల్పిన గ్రంథాలయమే తరువాత సారస్వత నికేతనంగా ప్రసిద్ధి చెందింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. పుస్తకాలతో నిండిన పడవ రేవున ఆగగానే గ్రామస్థులు చదివినవి తిరిగి ఇచ్చి, కొత్తవి తీసుకొనేవారు.

ఇవన్నీ చందాలతో, విరాళాలతో బ్రతికిన సంస్థలు. దాత మరణిస్తే, యువకులు ఉద్యోగాలకు తరలిపోతే చాలా చోట్ల తలుపులు మూతపడ్డాయి. ఉత్సాహం ఒక తరానిది. పుస్తకం అవసరం అన్ని తరాలది. అందుకే ఉద్యమకారులు చట్టాన్ని కోరారు. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1955 నాటి హైదరాబాదు చట్టం అమలయ్యాయి. వాటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది.

ఈ చట్టం జిల్లాకొక గ్రంథాలయ సంస్థను ఏర్పరచింది. ఇంటిపన్నుపై రూపాయికి ఇన్ని పైసలని గ్రంథాలయ పన్ను విధించింది. ఈ రేటు తరువాత ఎనిమిది పైసలైంది. గ్రంథాలయంలో ఎన్నడూ అడుగుపెట్టని గృహస్థు కూడా దాని పోషకుడే అన్నమాట! అయితే ఈ పన్నును వసూలు చేసేది గ్రంథాలయ సంస్థ కాదు. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసి, సంస్థకు జమచేయాలి. ప్రజలు చెల్లించిన సొమ్ము అక్కడే నిలిచిపోయి బకాయిలు పేరుకొన్న సందర్భాలు అనేకం. అప్పుడు ముందుగా ఆగిపోయేది కొత్త పుస్తకాల కొనుగోలు, ఆపై వార్తాపత్రికలు. ఇంటిపన్ను రసీదులో మాత్రం గ్రంథాలయ పన్ను యథావిధిగా కనబడుతూనే ఉంటుంది.