ఆ ఇంటికీ సంబంధాలు రావాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు చెప్పగానే ఒకప్పుడు కొబ్బరి, జీడి తోటలు గుర్తుకు వచ్చేవి. నేడు మూత్రపిండాల వ్యాధి గుర్తుకు వస్తోంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో ఆ వ్యాధి మనుషులతోపాటు ఊళ్ల పేర్లనూ గాయపరచింది. ఉద్దానంతో వియ్యమందడానికి బయటివారు జంకుతున్నారన్న వార్తలు పత్రికలలో అనేకసార్లు వచ్చాయి. ఏ తప్పూ చేయని కుటుంబాన్ని వ్యాధి కారణంగా దూరం పెడితే ఎంత క్షోభ కలుగుతుందో ఈ తీరవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే అదే క్షోభను మన మధ్యనున్న కొన్ని కుటుంబాలకు మనమే కలిగిస్తున్నాము. ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర మానసిక వ్యాధి సోకితే చాలు, ఆ ఇంటికి ‘పిచ్చివాళ్ల ఇల్లు’ అన్న పేరు స్థిరపడిపోతుంది. తల్లి పెంపకాన్ని తప్పుపడతారు. కోడలు అడుగుపెట్టిన వేళను నిందిస్తారు. చెల్లెలికి వచ్చిన సంబంధం వెనక్కు పోతుంది. నిజానికి ఇటువంటి రోగుల తోబుట్టువులలో అత్యధికులకు ఆ వ్యాధి రానే రాదు.

ఈ భయంతోనే కుటుంబాలు వ్యాధిని దాచిపెడతాయి. దాచినకొద్దీ వైద్యం ఆలస్యమవుతుంది, వ్యాధి ముదురుతుంది. 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో తీవ్ర మానసిక రోగులలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్స అందడం లేదు. మూత్రపిండాల వ్యాధి విషయంలో ఉద్దానం నోరు విప్పింది. పరిశోధకులు వచ్చారు, డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. మనసుకు వచ్చిన జబ్బు గురించి మాత్రం ఇంకా గుసగుసలే.

బుద్ధి పరిపక్వత లేనివారి చేతికి సంపద అప్పగించవద్దన్న దివ్య ఖుర్ఆన్, ఆ వెంటనే వారికి తిండీ బట్టా సమకూర్చమనీ, వారితో మంచిగా మాట్లాడమనీ ఆదేశించింది (అన్నిసా: 5). మతిస్థిమితం కోల్పోయిన వ్యక్తి కోలుకునేవరకు అతని కర్మలు లిఖించబడవని దైవప్రవక్త (స) తెలియజేశారు. అల్లాహ్ అతని లెక్కలోనే రాయనిదాన్ని అతని చెల్లెలి లెక్కలో మనం రాయడం ఏపాటి న్యాయం?

జిన్ను పట్టిందని తావీజులతో ఏళ్లు గడిపేవారున్నారు. దుఆ చేయండి, మందూ వాడండి. చికిత్స చేయించుకొమ్మన్నది కూడా ప్రవక్త (స) బోధనే. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన వైద్యశాలలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. ఆ వారసత్వం మనది. కాగా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడుస్తున్న ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి 28 మంది మానసిక రోగులు మరణించారు. అనేకులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున తప్పించుకోలేకపోయారు. రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

పలాస, టెక్కలి కుటుంబాలకు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గరది. మరింత వైద్యం అవసరమైతే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. పలాస నుండి అది సుమారు 200 కిలోమీటర్లు. ప్రయాణానికి ముందే సలహా కావాలంటే 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. నయమైనట్లు కనిపించినా డాక్టరు చెప్పనిదే మందులు మానరాదు.

ఇక ఇరుగుపొరుగువారు చేయవలసినదానికి డబ్బు అక్కరలేదు. ఆ ఇంటి ముందు ఆగి సలాం చెప్పండి. పెళ్లికి, అఖీఖాకు వారినీ పిలవండి. తల్లి బజారుకు వెళ్లి వచ్చేవరకు రోగి దగ్గర కాసేపు కూర్చోండి. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం వస్తే ఉన్నది దాచకుండా చెప్పే ధైర్యం ఆ కుటుంబానికి కలగాలి; విన్నాక అమ్మాయి గుణాన్ని చూసి నిర్ణయించుకునే ధర్మబుద్ధి మనకు కలగాలి. ఉద్దానం తన కోసం లోకాన్ని కోరుకున్నది ఇదే.