స్నానాల గదిలో పట్టుకొమ్మ

పల్లెలు దేశానికి పట్టుకొమ్మలని పిల్లలచేత వ్యాసాలు వ్రాయిస్తూ వుంటాము. పడిపోకుండా చేతికి ఆసరా ఇచ్చే కొమ్మ అనే అసలు అర్థం మాత్రం ఎవరికీ తట్టదు. స్నానాల గది గోడకు బిగించే కమ్మీని దుకాణదారులు ‘గ్రాబ్ బార్’ అంటారు. దానికి పట్టుకొమ్మ అన్న పేరు ఎంత చక్కగా అమరుతుందో చూడండి! తెలుగు పంతులుకు ఈపాటి చాపల్యం వుండనే వుంటుంది.

వెనుకటి ఇళ్లలో దీని అవసరం ఇంతగా కనిపించేది కాదు. మా ఇబ్రహీంపట్నం వైపు పాత ఇళ్లలో స్నానమంటే పెరట్లో షాబాదు బండమీదనే. బండ గరుకు గనుక కాలు నిలిచేది. నేడు సాగరు రోడ్డు పొడుగునా లేచిన కొత్త ఇళ్లలో అద్దంలాంటి టైల్సు పరుస్తున్నారు. వాటిమీద నీళ్లు, నీళ్లమీద సబ్బు. పండుగనాడు నువ్వులనూనె, నలుగుపిండి, కుంకుడు నురుగు కూడ తోడైతే ఇక చెప్పేదేమున్నది? పడుచువాళ్లే తూలిపోతారు.

పడిపోవటం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవటంవల్ల మరణిస్తున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. అరవై దాటినవారికే ముప్పు ఎక్కువ. మా వీధిలోనే ఒక పెద్దావిడకు ఇట్లాగే తుంటి ఎముక విరిగింది. నగరానికి తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించారు. ఎముక అతుక్కున్నది గాని, ధైర్యం అతుక్కోలేదు. ఆమె మళ్లీ ఒంటరిగా గడప దాటలేదు.

ఇంతకూ ఈ పట్టుకొమ్మ ఎట్లా వుండాలి? అమెరికాలో వికలాంగుల కోసం 1990లో చట్టం వచ్చింది. దాని క్రింద 2010లో వెలువడిన ప్రమాణాలలో కొలతలన్నీ వున్నవి. కమ్మీ లావు అంగుళంపావు నుంచి రెండంగుళాల వరకు. నేలనుంచి ఎత్తు 33 నుంచి 36 అంగుళాలు. గోడకూ కమ్మీకీ నడుమ ఒకటిన్నర అంగుళం సందు: చెయ్యి పట్టాలి గాని, జారిన మోచెయ్యి అందులో ఇరుక్కోగూడదు. 250 పౌన్ల, అంటే సుమారు 113 కిలోల బరువుకు చలించగూడదు. మన దేశంలోను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2021లో కేంద్రం వెలువరించిన మార్గదర్శకాలు వున్నవి. కాని మన ఇంటి స్నానాల గదిని చూడటానికి ఏ అధికారీ రాడు. చూసుకోవలసినది మనమే.

అయితే ఆ కొలతలను యథాతథంగా దించుకుంటే మనకు పూర్తిగా నప్పదు. మనలో పెద్దవాళ్లు పీటమీద కూర్చుని చెంబుతో పోసుకుంటారు. కష్టమంతా లేవటంలోనే వున్నది. కనుక అడ్డకమ్మీ ఒకటి చాలదు, పీట ప్రక్కన నిలువుగా మరొకటి కావాలి. గుమ్మం దగ్గర తడికాలితో దాటేచోట ఇంకొకటి వుంటే మరీ మంచిది. నేను అంగుళాలను ప్రక్కన పెట్టి, మా అమ్మను పొడిగదిలో పీటమీద కూర్చోబెట్టి లేవమన్నాను. ఆమె చెయ్యి సహజంగా ఎక్కడ ఆనుతుందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టాను. పంతుళ్ల జేబులో చాక్‌పీసుకు కొదవా!

అసలు చిక్కు గోడతో కాదు, అమ్మతోనే వచ్చింది. “నాకెందుకు బిడ్డా గీ కడ్డీలు? నేనేమన్న మంచం పట్టిన్నా?” అన్నది. చేతికర్ర ఇచ్చిననాడు కూడ ఇంతే. ముసలితనాన్ని గోడకు మేకు కొట్టి చూపించినట్లు ఆమెకు తోచింది. వాదించి లాభం లేదు. “నాకూ మోకాళ్లు నొస్తున్నయమ్మా, ఇద్దరికీ పనికొస్తది” అన్నాను. అది అబద్ధమూ కాదు. నలభై దాటినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

మేస్త్రీ వచ్చి గోడను తట్టి చూశాడు. “సారూ, ఇది ఇటికె గోడ, పర్వాలేదు. తేలిక బ్లాకుల గోడైతే గిట్టి, మర ఆగవు, వేరే మందు పోసి పట్టించాలె” అన్నాడు. టైలుమీద కాగితపు టేపు అంటించి, సుత్తిదెబ్బ లేకుండా మెల్లగా తొలిచాడు, పగలకుండా. టైలు దాటిన తరువాతే ఇటుకలోకి దిగాడు. నల్లాకు నేరుగా పైన మాత్రం తొలచనివ్వకండి. పైపు సాధారణంగా అక్కడే పోతుంది. రంధ్రం అంచున సిలికాన్ పూస్తే గోడలోకి నీరు దిగదు. ఇక రబ్బరు కప్పులతో గోడకు అంటుకునే రకాలున్నవి. అవి ఎప్పుడు ఊడుతాయో చెప్పి ఊడవు. తువ్వాలు వేసే కమ్మీని పట్టుకుని లేవటం మరీ ప్రమాదం, అది తువ్వాలు బరువుకే పుట్టింది.

తలుపు సంగతి కూడ చూసుకోండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడితే బయటివాళ్లు తోసి తెరవలేరు. మా ఇంట్లో తలుపు బయటికి తెరుచుకునేటట్లు మార్పించి, లోపలి గడియ తీయించాము. దీపం వెలుగుతుంటే లోపల మనిషి వున్నట్లు లెక్క.