కొర్రమీనుకు పెద్దన్న: కెన్యిర్ సరస్సులో మన వాళ్ళ గాలం

చేపలు పట్టడం మన వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. చెరువు అలుగు పోస్తే గంప పట్టుకుని పరుగెత్తిన వాళ్ళం. ఎర్రలు తవ్వి కొబ్బరి చిప్పలో వేసుకుని కట్ట మీద గంటలు గంటలు కూర్చున్న వాళ్ళం. జగిత్యాల నుంచి వచ్చినా, ఇచ్ఛాపురం నుంచి వచ్చినా ఇందులో తేడా లేదు. అందుకే మలేషియాలో దిగిన ఆర్నెల్లలోపే క్యాంపులో ఎవరో ఒకరి మంచం కింద గాలపు కర్ర కనిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ కర్ర భుజాన వేసుకుని ఎక్కడికి పోతున్నారన్నదే ఈ వారం మా ప్రశ్న.

చాలామంది పోయేది క్యాంపు వెనకున్న గుంతకే. సెలంగూర్, పేరాక్ రాష్ట్రాల్లో ఒకప్పుడు తగరం తవ్విన గుంతలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇప్పుడు వాటి నిండా నీళ్ళే. పైకి చూస్తే అచ్చం మన ఊరి చెరువే. కానీ చెరువు ఒడ్డు మెల్లగా లోతు పెరుగుతుంది, కట్ట దగ్గర మోకాలి లోతు ఉంటుంది. గని గుంత అలా కాదు. ఒడ్డు నిలువుగా కోసినట్టు ఉంటుంది. రెండడుగులు వేస్తే మూడో అడుగుకి నేల దొరకదు. కాలి కింద వదులు ఇసుక, దాని కింద బురద. రాయికి తట్టుకున్న గాలం విడిపించుకుందామని లుంగీ ఎగ్గట్టి దిగేవాడు గజ ఈతగాడైనా అక్కడ పట్టు దొరకదు. పైగా పాత గని నీళ్ళలో ఆర్సెనిక్ లాంటి లోహాలు ఉండే అవకాశం ఉంది. ఆ చేపను వారం వారం కూర వండుకుని తినడం మంచిది కాదు.

అదే గాలాన్ని ఏడాదికి ఒక్కసారైనా సరైన చోట, తెలిసిన మనిషి వెంట వేయొచ్చు. ఈ దేశంలో అది గొప్పవాళ్ళ సరదా ఏమీ కాదు. పది పన్నెండు మంది కలిస్తే మన జేబుకీ అందుతుంది.

తెరెంగాను రాష్ట్రంలోని కెన్యిర్ సరస్సు 1985లో డ్యాం కట్టడం పూర్తయ్యాక ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. మునిగిన గుట్టల శిఖరాలే ఇప్పుడు లంకలు, మూడు వందల నలభై దాకా ఉన్నాయని లెక్క. అడవిని పూర్తిగా కొట్టకుండానే నీళ్ళు నింపారు కాబట్టి ఎండిన మానులు ఇప్పటికీ నీటిలోంచి తలలు పైకెత్తి కనిపిస్తాయి. చేపకు అదే ఇల్లు. దారి తెలియని పడవకు అదే గండం. గైడు ఎందుకు అని అడిగేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు.

రెండోది పేరాక్‌లోని తెమెంగోర్. గెరిక్ ఊరు దాటాక ఈస్ట్-వెస్ట్ హైవే మీద బాండింగ్ లంక దగ్గర పడవలు దొరుకుతాయి. హైవేకి ఉత్తరాన ఉన్నది రాయల్ బెలుమ్ పార్కు, 2007లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందులోకి వెళ్ళాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. పడవ వాళ్ళే తీసిస్తారు, మన పాస్‌పోర్టు వివరాలు అడుగుతారు. థాయిలాండ్ సరిహద్దు దగ్గర కాబట్టి దారిలో తనిఖీలు ఉండొచ్చు. ఆ హైవే మీద రాత్రిపూట ఏనుగులు రోడ్డు దాటుతాయి. వ్యాను డ్రైవరుకు ముందే చెప్పి పగలే చేరేలా బయలుదేరండి.

పోయిన ఆగస్టు సెలవులకు సెలంగూర్ వైపు ఒక క్యాంపు నుంచి పన్నెండు మంది మన వాళ్ళు కెన్యిర్ బయలుదేరితే మేమూ వెంట వెళ్ళాం. రాత్రి వ్యాను ఎక్కితే తెల్లవారేసరికి గావి రేవులో దిగాం. అక్కడే మొదటి పేచీ. అడ్వాన్సు తీసుకున్న మనిషి పడవ చూపించాడు, పన్నెండు మందికి ఆరు సేఫ్టీ జాకెట్లు. కుర్రాళ్ళు ఎక్కబోయారు. వాళ్ళలో పెద్దవాడు, నిర్మల్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, రేవు మెట్ల మీదే కూర్చున్నాడు.

‘‘అన్నా, నాకు ఈత వస్తదే’’ అన్నాడొక కుర్రాడు.

‘‘ఈత వస్తదా రాదా అని కాదు తమ్మీ. ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నరు నీకు. జాకెట్ వచ్చినంక ఎక్కుదాం.’’

గంట తర్వాత పక్క పడవ నుంచి మరో ఆరు జాకెట్లు వచ్చాయి. ఆ గంటలో పొద్దుటి చేప పోయిందని గొణిగిన వాళ్ళున్నారు. మాకు మాత్రం ఆ ట్రిప్పు మొత్తంలో బాగా గడిచిన గంట అదేననిపించింది.

ఇక చేపల సంగతి. ఇక్కడి సరస్సుల్లో గాలం వేసేవాళ్ళ మోజంతా తోమన్ మీదే. చూడగానే మన వాళ్ళు గుర్తుపట్టారు. కొర్రమీనుకు పెద్దన్న! అదే పాము తల, అదే జిగురు ఒళ్ళు. కాకపోతే మీటరు పొడవు దాటి పెరుగుతుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా పేరు పెట్టుకున్న మన కొర్రమీను కూడా ఈ దేశంలో ఉంది, ఇక్కడ దాన్ని హరువాన్ అంటారు. ఆపరేషన్ అయినవాళ్ళకు గాయం త్వరగా మానాలని దాని సూపు కాచి ఇస్తారు. మనం మృగశిర కార్తెకు కొర్రమీను కోసం వెతికినట్టే వాళ్ళు హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన రోజు హరువాన్ కోసం వెతుకుతారు.

తోమన్ గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. అది బుడుంగుమన్న చోటికి కొంచెం ముందు, అది పోయే దిక్కున రబ్బరు కప్పను విసరాలి. బెండు కట్టి ఎర్ర గుచ్చి ఎదురుచూసే మన పద్ధతి ఇక్కడ పెద్దగా పనికిరాదు. విసరడం, లాగడం, మళ్ళీ విసరడం. సాయంత్రానికి జబ్బలు పీకేస్తాయి. కాంక్రీటు మోసే చేతులకే పీకుతున్నాయంటే మిగతా వాళ్ళ సంగతి ఊహించుకోండి.

రెండో రోజు ఒక వాగు కలిసే చోట నీటి మీద ఎర్రగా, ఉడుకుతున్నట్టు ఒక ముద్ద కదిలింది. తోమన్ పిల్లల గుంపు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ గాలం పడితే కోపంతో వచ్చి కరుచుకుంటాయి, పట్టడం సులువు. మన కుర్రాడొకడు విసరబోతే గైడు అతని కర్రను చేత్తో కిందికి వంచేశాడు. మలయ్‌లో ఏదో అన్నాడు, మాకు సగమే అర్థమైంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన వెల్డరుకు మాత్రం వెంటనే అర్థమైంది. ‘‘పిల్లలతో ఉన్న కొర్రమీను జోలికి పోవద్దని మా తాత చెప్పీవోడు’’ అన్నాడు. తల్లిదండ్రులు గాలానికి పడితే ఆ ముద్ద మొత్తం సాయంత్రానికల్లా పెద్ద చేపల పాలవుతుంది. డబ్బు తీసుకున్న గైడు చేపను వదిలేయమన్నాడంటే అతను మంచి గైడని లెక్క.

వదిలేయడం అనేది మన వాళ్ళకు మింగుడుపడదు. కానీ అమెరికాలో బాస్, క్రాపీ చేపల కోసం గైడును పెట్టుకుని సరస్సుకు పోయేవాళ్ళకు కొలబద్ద తప్పనిసరి. టెక్సాస్‌లో చాలాచోట్ల 14 అంగుళాల లోపు బాస్‌ను, 10 అంగుళాల లోపు క్రాపీని మళ్ళీ నీటిలో వేయాల్సిందే. గైడుకు లైసెన్సు కూడా ఉండాలి. ఇక్కడ కెన్యిర్‌లోనూ కెలా చేపల కోసం పెతాంగ్ వాగును రక్షిత స్థలంగా ఉంచారు, అక్కడ గాలం వేయకూడదు. ఎక్కడ వేయొచ్చో, ఎక్కడ వేయకూడదో గైడును అడిగి మరీ వేయండి.

బాస్ పేరు ఇక్కడా వినిపిస్తుంది. కాంపార్, ఈపో వైపు కొలనుల్లో దొరికే పసుపు పచ్చని పీకాక్ బాస్, తోక దగ్గర కన్ను లాంటి మచ్చ ఉంటుంది. నిజానికి అది బాస్ కాదు, మన తిలాపియా కుటుంబానిది. పుట్టిల్లు అమెజాన్ నది. ఎవరో తెచ్చి వదిలితే ఇక్కడి చిన్న చేపలను తినేస్తూ పెరిగింది. దాన్ని మాత్రం ఎంత పట్టినా పాపం లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. రేటు సీజన్‌ను బట్టి, పడవను బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ అంకె వేయడం లేదు. చెప్పిన రేటు మనిషికా, పడవకా? డీజిల్ అందులోనే కలిసిందా? కర్ర, రీలు అద్దె వేరా? పోయిన ఎరకు ఎంత కోస్తారు? ఇవన్నీ ఫోన్లోనే అడిగి, జవాబు మెసేజ్‌లో తెప్పించుకోండి. అడ్వాన్సు కొంత ఇవ్వండి, మొత్తం ఇవ్వకండి. పాస్‌పోర్టును డిపాజిట్‌గా ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఒకవేళ అది మీ కంపెనీ బీరువాలో ఉంటే ఇదే సమయం, అడిగి తీసుకోండి. 1966 నాటి మలేషియా పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఇంకొకరి పాస్‌పోర్టును అధికారం లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. వారానికి ఒక రోజు సెలవు 1955 నాటి ఉద్యోగ చట్టం ఇచ్చిన హక్కు, సూపర్‌వైజర్ దయ కాదు. ఒరిజినల్ పాస్‌పోర్టు, పర్మిట్ ప్లాస్టిక్ కవర్లో వేసి ఒంటి మీదే ఉంచుకోండి.

ఏజెంటు అప్పు ఇంకా తీరని వాళ్ళు చేబదులు తెచ్చి కెన్యిర్ పోనక్కర్లేదు. ఊరి దగ్గర గంట లెక్కన డబ్బు తీసుకునే చేపల కొలనులు ఉన్నాయి. మన రవ్వ చేప కూడా వాటిలో పడుతుంది. రెండు గంటలు కూర్చుని రావచ్చు.

సెలవులు కూడా చూసుకోవాలి. హరి రాయకు మన ఫ్యాక్టరీ మూస్తారు, కానీ పడవ వాళ్ళూ పండక్కి ఇంటికే పోతారు. చైనా కొత్త సంవత్సరానికి వారం సెలవు దొరికినా తూర్పు తీరంలో వానలు పూర్తిగా తగ్గి ఉండకపోవచ్చు. నవంబరు నుంచి జనవరి దాకా అటు పోకపోవడమే మంచిది. మార్చి, సెప్టెంబరు మధ్య మే 1, ఆగస్టు 31, సెప్టెంబరు 16 ఉన్నాయి. తెరెంగానులో వారాంతం శుక్ర, శనివారాలు. కాబట్టి మన ఆదివారం నాడు అక్కడ రద్దీ తక్కువ, బేరం ఎక్కువ.

మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమితే కర్ర కింద పెట్టేయండి. కార్బన్ కర్ర పిడుగును పిలుస్తుంది. సరస్సులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో క్యాంపులో ఒకరికి రాసి ఇవ్వండి. ఈ-మైగ్రేట్ ద్వారా వచ్చిన వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు. రెండేళ్ళకో మూడేళ్ళకో దాని గడువు అయిపోతుంది. మా వెంట వచ్చిన పన్నెండు మందిలో తన గడువు ఎప్పుడో చెప్పగలిగింది ముగ్గురే. మిగతా తొమ్మిది మంది వ్యానులో తిరిగి వస్తూ ఇళ్ళకు ఫోన్ చేసి పెట్టెల్లో కాగితాలు వెతికించారు.

మందు సీసాలు వద్దు. గైడు ముస్లిం, వంటగది హలాల్, కింద లోతైన నీళ్ళు. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కారం, పసుపు, మెంతులు మాత్రం మన దగ్గరి నుంచే తీసుకెళ్ళండి. చింతపండు అక్కడే దొరుకుతుంది. మూడో రోజు పొద్దున మేస్త్రీ వండిన తోమన్ పులుసును గైడు రెండుసార్లు వడ్డించుకుని, గిన్నెలో అడుగున మిగిలింది మూత పెట్టి తన ఇంటికి పట్టుకుపోయాడు.