కాకినాడకు చేరిన హాల్డేన్

ఛత్తీస్‌గఢ్‌లోని ఉతైలో రక్తపరీక్షలు చేసే నాకు సికిల్ సెల్ కొత్త కాదు. ఇక్కడి పల్లెల్లో ఎన్నో కుటుంబాలను పీడిస్తున్న జబ్బది. సూక్ష్మదర్శినిలో కొడవలిలా వంగిన ఎర్రకణాలు కనిపిస్తే శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ గుర్తొస్తారు.

ఈ జబ్బుకు మూలమై ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎలా మిగిలింది? 1949లో తలసేమియా అనే మరో వంశపారంపర్య రక్తవ్యాధి విషయంలో హాల్డేన్ ఒక జవాబు ఊహించారు: అలాంటి జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు మలేరియాను మెరుగ్గా తట్టుకుంటారేమోనని. సికిల్ సెల్ విషయంలో అది నిజమని 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలో చూపించారు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఏం పాపం చేశామని ఏడ్చే తల్లులకు నేను చెప్పేదిదే: పాపం కాదమ్మా, ఒకప్పుడు మీ పెద్దలను మలేరియా నుంచి కాపాడిన జన్యువే ఇది.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన హాల్డేన్, పరిణామ సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకరు. అంతటివారు లండన్ కార్మికుల పత్రిక 'డైలీ వర్కర్'లో వందలాది సైన్సు వ్యాసాలు రాశారు. ఫ్యాక్టరీ ఊళ్ల మధ్య బతికే నాకు ఆ పనే ఎక్కువ గొప్పగా తోస్తుంది.

1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చారు. అక్కడ ఆయన దగ్గర చదివిన పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు తర్వాత గురువు జీవితచరిత్ర రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు.