ప్రకృతి పరిశీలన గ్రంథములు - తెలుగు పక్షినామములు

మన నిఘంటువులలో పక్షుల పేర్లకు అర్థము వెదకువారికి ‘పక్షివిశేషము’ అను మాటయే పలుమారు ఎదురగుచుండును. అది యే పక్షి, దాని ముక్కు ఎట్టిది, ఎచ్చట మేయును అను ప్రశ్నలకు కోశములలో సమాధానము దొరకుట యరుదు. ప్రబంధ వర్ణనల యర్థమును నిర్ణయింపవలసిన పరిశోధక విద్యార్థి యింతటితో తృప్తినొందజాలడు. అట్టివానికి తోడ్పడు గ్రంథములు ప్రకృతి శాస్త్రజ్ఞులు రచించినవి కొన్ని కలవు. సాహిత్యశాఖలలో వీనిని తెఱచి చూచువారు మిక్కిలి తక్కువ. ఇవి యేల పఠనీయములో నాయుడుపేట ప్రాంతపు పక్షుల నుదాహరణములుగ గైకొని నిరూపింప యత్నింతుము.

వీరిలో ముందుగ పేర్కొనదగినవాడు థామస్ కేవర్‌హిల్ జెర్డన్ (1811-1872). ఈతడు చెన్నపురి రాజధానిలో కుంఫిణీవారి వైద్యుడు. 1840 తరువాతి సంవత్సరములలో నెల్లూరున సివిల్ సర్జనుగ నుండి, యానాదుల వలన జంతువుల యొక్కయు పక్షుల యొక్కయు దేశనామములను, వాని నడవడిని తెలిసికొనెను. 1862-64 సంవత్సరములలో వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ యను నీతని గ్రంథమున వర్ణనలకు ముందు హిందీ, బెంగాలీ, తమిళ నామములతో పాటు తెలుగు నామములును పెక్కుచోట్ల గలవు. అయితే అవి యాంగ్ల లిపిలో నున్నవి. హ్రస్వ దీర్ఘములు, తకార టకారముల భేదము స్పష్టముగ తెలియవు. వానిని సరియైన తెలుగు రూపములకు దెచ్చుట జంతుశాస్త్రజ్ఞుని పని కాదు, మన పనియే.

ఒక యుదాహరణము. నాయుడుపేటకు దక్షిణమున దొరవారిసత్రము మండలములో నేలపట్టు పక్షిరక్షణ కేంద్రము గలదు. అచ్చటి చెరువు నీటిలో నిలిచి పెరిగిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచు పెద్ద పక్షి గూడబాతు. ఈ పేరులోని మొదటి పదము ‘గూడు’ అని తలచుట సులభము. కాని ‘గూడ’ యనగా ఇరువురు చెఱియొక వైపు నిలిచి, త్రాళ్లు పట్టి, గుంటనుండి చేనికి నీరు చల్లు బుట్ట. పక్షిశాస్త్ర గ్రంథమున దీని మేతను గూర్చి చదివినచో, క్రింది ముక్కున వ్రేలాడు తోలుసంచితో నీటిని చేపలతో గూడ నెత్తి, నీటిని జార్చివేసి, చేపలను మ్రింగునని తెలియును. కావున ‘గూడ’ శబ్దమే యిచ్చట యుక్తమని మా యభిప్రాయము. నత్తగుల్లకొంగ యను పేరును ఇట్టిదే. మూసినప్పుడును నడుమ సందు మిగులు ముక్కుతో ఆ పక్షి నత్తలను తినును.

పేరు పోయినచో పోవునది మాట మాత్రమే కాదనుటకు కలివికోడి నిదర్శనము. జెర్డను సేకరించిన యీ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ శాస్త్రరీత్యా వర్ణించెను. 1900 ప్రాంతమున కనబడిన పిమ్మట దాని జాడ తెలియక, శాస్త్రజ్ఞులు నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతమున దీనిని మరల కనుగొనెను. పక్షి బొమ్మలను చూపి గ్రామస్థులను విచారించుట యీ యన్వేషణలో ముఖ్యాంశము. గ్రంథములలో మృతమైన పక్షిని వారెఱుగుదురు. కలివి పొదల చెంత దిరుగునది గనుక కలివికోడి. జెర్డను దీనికిచ్చిన తెలుగు పేరు వేఱు. దానిని ‘అడవి ఉటతిత్తి’ యని చదువవచ్చును. ఈ రెండు పేర్ల సంబంధము పరిశోధింపదగినది. మాండలిక పదకోశములు వృత్తిపదములను శ్రద్ధతో సేకరించినవి. పక్షినామముల కట్టి శ్రద్ధ చాలినంత లభింపలేదని చెప్పక తప్పదు.

రచనాదృష్టితో చదువదలచువారికి గిల్బర్ట్ వైట్ సెల్‌బోర్న్ గ్రామమును గూర్చి వ్రాసిన లేఖల సంపుటము (1789) ప్రసిద్ధమే. మనకు దగ్గఱివాడు తమిళ నవలాకారుడు మాధవయ్యగారి కుమారుడు ఎం. కృష్ణన్. ఈతడు 1950 మొదలు 1996లో మరణించువఱకు ‘స్టేట్స్‌మన్’ పత్రికలో పక్షమున కొకమారు ప్రకృతి వ్యాసములను వ్రాసెను. తొండ, కాకి, ఊరపిచ్చుక వంటి నిత్యపరిచితములును ఆయనకు వస్తువులే. సాలిం అలీ 1941లో ప్రకటించిన ‘బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ రూపమును గుర్తించుట కెక్కువ యుపయోగించును. శైలికై చదువువారు కృష్ణన్‌ను చదువుట మేలు.

పులికాటు సరస్సున శీతకాలమున గుంపులు గుంపులుగ దిగు పక్షిని ఫ్లెమింగో యనియు, రాజహంస యనియు నేడు పత్రికలు వ్రాయుచున్నవి. సూళ్లూరుపేటలో జరుగు పండుగకును ఫ్లెమింగో ఫెస్టివల్ అనియే పేరు. పాత గ్రంథములలో దీనికి తెలుగు పేరు పూకొంగ. అమరకోశము రాజహంసకు ఎఱ్ఱని ముక్కును, ఎఱ్ఱని కాళ్లను, తెల్లని మేనిని చెప్పుచున్నది. పూకొంగ కాళ్లు గులాబివన్నె గలవి, ముక్కు కొన మాత్రము నలుపు. ఈ రెండును ఒకటియేనా యను చర్చకు పూనుకొనువారు, సంస్కృత వాఙ్మయమందలి పక్షులను సజీవ పక్షులతో పోల్చి కె. ఎన్. దవే రచించిన గ్రంథమును (1985) ముందు చదివి, పిదప ఫాల్గుణమునకు లోపుగ పులికాటు గట్టునకు పోవలెను.