అడిగే బ్రౌజరు, అడగని అప్‌డేటు

వెబ్ బ్రౌజరుతో రోజంతా పని చేసేవారిని విసిగించేవి ముఖ్యంగా రెండు. సైటు తెరవగానే పైమూలన ప్రత్యక్షమై, నోటిఫికేషన్లు పంపవచ్చా, మీరున్న చోటు తెలుసుకోవచ్చా, కెమెరా వాడుకోవచ్చా అని అడిగే చిన్న పెట్టె ఒకటి. ఎవరినీ అడగకుండా తెర వెనుక దిగి, చివరకు బ్రౌజరునో కంప్యూటరునో మూసి తెరవమనే అప్‌డేటు మరొకటి. పని ఆగకూడదన్న తొందరలో మొదటిదానికి ‘అనుమతించు’ అనీ, రెండోదానికి ‘తర్వాత’ అనీ నొక్కడం చాలామందికి అలవాటైపోయింది. నిజానికి ఈ జవాబులు తారుమారు కావలసి ఉంది. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలై మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా విస్తరించిన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో సాఫ్ట్‌వేర్‌ను రాసి పరీక్షించేవారే కొల్లలుగా ఉన్నా, వారు ఈ అలవాటుకు అతీతులని చెప్పలేం.

సైటు తనంతట తానుగా వాడుకరి కెమెరానూ మైకునూ తాకలేదు. కొండాపూర్‌లోని ఏ గేటెడ్ కమ్యూనిటీలోనో వచ్చినవారిని గేటు దగ్గర ఆపి, పైకి పంపమంటారా అని ఇంటివారిని అడిగే సెక్యూరిటీ మనిషి పనినే ఇక్కడ బ్రౌజరు చేస్తుంది. వీడియో మీటింగుకు మైకు, దారి చూపే మ్యాపుకు లొకేషను అవసరమే కాబట్టి ఆ ప్రశ్నలకు అర్థముంది. చిక్కంతా నోటిఫికేషన్లతోనే వచ్చింది. పేజీని మూసేశాక కూడా సైటు నుంచి తెర మీదికి సందేశం పంపగలిగే పుష్ నోటిఫికేషన్ సదుపాయం 2015లో క్రోమ్‌లోకి వచ్చాక, పేజీలో మొదటి వాక్యమైనా చదవకముందే అనుమతి అడిగే సైట్లు పుట్టుకొచ్చాయి. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ 2019లో పరిశీలించినప్పుడు, ఇలాంటి ప్రశ్నల్లో దాదాపు 99 శాతానికి అంగీకారం దొరకలేదనీ, 48 శాతాన్ని వాడుకరులు పనిగట్టుకుని తిరస్కరించారనీ తేలింది. ఇంతగా ఎవరికీ అక్కరలేని ప్రశ్న కంప్యూటర్లలో మరొకటి ఉంటుందా అన్నది అనుమానమే. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, ఆ మరుసటి నెలలో క్రోమ్ ఈ ప్రశ్నను అడ్రస్ బారులోని చిన్న గుర్తుకు కుదించే ఏర్పాట్లు చేశాయి.

అయినా మోసగాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి ‘అనుమతించు’ నొక్కండి అని పేజీలో రాసిపెడితే, నిజమైన పరీక్షేననుకుని నొక్కేవారు ఉంటారు. ఆపై కంప్యూటరులో వైరస్ చేరిందనీ, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయాలనీ యాంటీవైరస్ హెచ్చరికల రూపంలో సందేశాలు వస్తూనే ఉంటాయి. ఆ నంబరు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయవలసి ఉంటుంది కాని, ఆ స్థితి రాకుండా చూసుకోవడం తేలిక. క్రోమ్ సెట్టింగ్స్‌లో గోప్యత, భద్రత విభాగం కింద సైట్ సెట్టింగ్స్ తెరిస్తే, నోటిఫికేషన్ల దగ్గర సైట్లు అసలు అడగకుండా ఆపవచ్చు. ఇదివరకు అనుమతి పొందిన సైట్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది, దాన్ని ఒకసారి చూస్తే ఎప్పుడో తెలియక నొక్కినవి బయటపడతాయి.

అప్‌డేటు సంగతి వేరు. క్రోమ్ 2021లో నాలుగు వారాలకొక కొత్త వెర్షను ఇచ్చే పద్ధతికి మారి, 2023 ఆగస్టు నుంచి వారం వారం భద్రతా సవరణలను విడుదల చేస్తోంది. ఇంత తొందరకు కారణముంది: క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడు బహిరంగం కావడంతో, ఒక లోపాన్ని సరిదిద్దిన క్షణం నుంచే ఆ సవరణను చదివి లోపమెక్కడుందో తెలుసుకునే వీలు దాడిచేసేవారికి దొరుకుతుంది. సవరణ సిద్ధమైన నాటికీ అది వాడుకరికి చేరిన నాటికీ మధ్య వ్యవధిని ప్యాచ్ గ్యాప్ అంటారు. ‘తర్వాత’ నొక్కిన ప్రతిసారీ పెరిగేది అదే. బ్రౌజరుకు కాక విండోస్‌కే అయినా, ఈ వ్యవధి ఎంత చేటు చేస్తుందో 2017లో తెలుగువారు చూశారు. మైక్రోసాఫ్ట్ మార్చి 14న సవరణ ఇచ్చిన లోపాన్ని ఆసరా చేసుకునే మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

అలాగని అప్‌డేటును గుడ్డిగా నమ్మమనడమూ సరికాదు. 2024 జులై 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విడుదల చేసిన లోపభూయిష్టమైన ఫైలు, 78 నిమిషాల్లోనే వెనక్కు తీసుకున్నప్పటికీ, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలను కూలదోసింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. జాగ్రత్తకోసం ఒక వెర్షను వెనుకే ఉండేలా అమర్చుకున్న సంస్థలకు కూడా, ఆ ఫైలు వెర్షన్ల లెక్కలోకి రాని రకం కావడం వల్ల, రక్షణ దొరకలేదు. అయితే అది ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో పనిచేసే సాఫ్ట్‌వేర్. బ్రౌజరు అప్‌డేటు చెడితే సాధారణంగా బ్రౌజరే చెడుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టి అన్నిటినీ ఆపేసుకోవడం అనవసరపు భయం.

మిగిలింది వేళ ఎంచుకోవడం. మైక్రోసాఫ్ట్ నెలవారీ సవరణలు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలకు, అంటే హైదరాబాద్‌లో కాలాన్నిబట్టి రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో విడుదలవుతాయి. అమెరికా వేళల్లో పనిచేసే రాయదుర్గం ఉద్యోగికి అది నడిపొద్దు. వాడుకలో ఉండే వేళల్లో కంప్యూటరు తనంతట తాను రీస్టార్ట్ కాకుండా కాపాడే ‘యాక్టివ్ అవర్స్’ను, అవి ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు అని ఉంటే, రాత్రి షిఫ్టుకు తగినట్టు మార్చుకోవచ్చు. కంపెనీ లాప్‌టాప్‌లో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న మాట కనిపిస్తే మాత్రం ఆ నిర్ణయం ఐటీ సపోర్టువారిదే. బ్రౌజరును రీలాంచ్ చేసినప్పుడు మామూలు ట్యాబులు తిరిగి తెరుచుకుంటాయి. ఇన్‌కాగ్నిటో కిటికీలు తెరుచుకోవు, సగం నింపిన ఫారాలకూ హామీ లేదు కాబట్టి వాటిని ముందే ముగించుకోవాలి.